బియ్యం డబ్బాలో గుర్రాలు

మా ఎదురింటి సిస్టరమ్మ గురువారం తెల్లవారుజామున పోయింది. పాలు పోసే ఆమె తలుపు తట్టి, ఎంతసేపటికీ పలకకపోయేసరికి మా ఇంటికి పరుగెత్తి వచ్చింది. నేనూ మా ఇంటామె వెళ్ళి చూస్తే ముందు గదిలో కుర్చీలోనే ఉంది. తల కొంచెం పక్కకు వాలింది, అంతే. నిద్రలోనే గుండె ఆగిపోయిందని, బాధ తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు గానీ నాకు ఓదార్పు దొరకలేదు. ఎంతమంది చివరి గడియలోనో పక్కన నిలబడిన మనిషి. ఆమె గడియ వచ్చినప్పుడు, వీధికి ఇవతల పదడుగుల దూరంలో నేను గురక పెట్టి నిద్రపోతున్నాను.

సరిగ్గా ఆ వారమే, సోమవారం నాడు, మా అమ్మాయి పదకొండు నెలల తర్వాత మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. నా సంతోషం ఎంతని చెప్పను! మా ఊరు కుడతిని బస్టాండులో తెలిసినవాళ్ళనూ తెలియనివాళ్ళనూ ఆపి చెప్పాను. టీ కొట్టతను "సాకప్పా, ఇంక చాలు, నాకే మూడు తూర్లు చెప్పినావు" అని నవ్వాడు. ఆ సంతోషం ఇప్పటికీ నాలో అట్లాగే ఉంది. దాన్ని నాకు తెచ్చి ఇచ్చిన మనిషిని మట్టిలో పెట్టి వచ్చాను. ఈ రెండూ ఒక్క గుండెలో ఎట్లా పెట్టుకోవాలో తెలియక రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగినవాణ్ణి. మాటలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకుని చదవండి.

సిస్టరమ్మ అంటే మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి, రిటైరయ్యాక మా వీధికి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర వినిపించే గొంతు. డ్యూటీ మానేసి ఎన్నేళ్ళయినా గడియారం చేతికి కట్టేది కాదు, పైటకు పిన్నుతో పెట్టుకునేది. ఎవరింటికి వచ్చినా ముందు చేతులు కడుక్కుని తర్వాతే కూర్చునేది. కాఫీ ఇస్తే "చక్కెర ఎన్ని చెంచాలు ఏస్తివి?" అని అడిగేది. ఎన్ని చెప్పినా "సుళ్ళు చెప్పొద్దు" అనేది. ఆమె దగ్గర అబద్ధం ఆడటం కష్టం. ఆ సంగతి తర్వాత నాకే బాగా తెలిసింది.

నేను కరెంటు ప్లాంటులో బొగ్గు బెల్టు దగ్గర హెల్పరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బళ్ళారిలో ఒక ల్యాబులో టెక్నీషియన్. పొద్దున్నించి సాయంత్రం దాకా జనాలకు నెత్తురు తీసే పని. ఆమె సూది గుచ్చితే నొప్పే తెలియదని, ముసలివాళ్ళు ఆమె కోసమే అడిగి కూర్చునేవాళ్ళు. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఆమెను బండి మీద ఇంటికి తెస్తూ, రైలు గేటుకు కాస్త ఇవతల పడ్డాం. నాకు మోకాలి మీద తోలు లేచింది. ఆమె కుడి చేయి బండి కింద నలిగింది. ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి, నరం దెబ్బతింది. ఆపరేషన్ చేశారు, ఎముకలు అతుక్కున్నాయి, వేళ్ళు మాత్రం ముడుచుకుని ఉండిపోయాయి. రోజూ కదిలిస్తే మెల్లగా వస్తాయని ఫిజియోథెరపీ చేసే ఆయన చెప్పాడు. ఆమె కదిలించలేదు. ఆ చేతిని ఎవరిదో వస్తువులాగా ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది. వాళ్ళమ్మతో రెండు ముక్కలు మాట్లాడేది. నేను గదిలోకి వస్తే ఆ రెండూ ఆగిపోయేవి. ఇసుక మీద బండి జారిందని నేను ఊరంతా చెప్పాను. రోడ్డు మీద ఇసుక ఉన్న మాట నిజమే.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ చంకలో ఒక ట్రే పెట్టుకుని వచ్చింది. లేవలేని రోగికి మంచం మీదే అన్నం పెట్టడానికి వాడే కాళ్ళ ట్రే. చేతులు కడుక్కుంది. ట్రేను మా అమ్మాయి ముందర పెట్టి, పాత తువ్వాలు పరిచి, వేళ్ళతో అక్కడక్కడా మడతలు లేపింది. "ఇవి గుట్టలు. ఇది వంక. దీంట్లో నీళ్ళు లేవు, దాటొచ్చు" అంది. తర్వాత ఒక సబ్బు డబ్బా తెరిచి, అందులోనివి ఒక్కొక్కటే తీసి నిలబెట్టింది.

నేను గుమ్మంలోంచి మెడ చాచి చూశాను. బొటనవేలి గోరంత మనుషులు! ఇంజెక్షన్ బుడ్లకు ఉండే రబ్బరు మూతల మీద, కారే పైపులకు పూసే ఎంసీలు ముద్దతో చేసిన సిపాయిలు. చేతుల్లో విరిచిన గుండుసూదులే బల్లేలు. గుర్రాలకు అగ్గిపుల్ల ముక్కలు కాళ్ళు. సూదికి ఉండే ప్లాస్టిక్ తొడుగు ఫిరంగి. ఒక దండుకు గాయాలకు పూసే ఎర్రమందు రంగు, ఇంకో దండుకు పుండ్లకు పూసే ఊదామందు రంగు. ఒక్కొక్కడికి మీసం కూడా దిద్దింది.

"ఏంది ఆంటీ, చిన్నపిల్లోళ్ళ ఆటా?" అంది మా అమ్మాయి.

"చిన్నపిల్లోళ్ళకి ఇస్తే మింగుతారు. ఆడతావా, ఎత్తుకోని పోదునా?"

ఆట సూత్రాలు ఒక మందుల చీటీ వెనక ఏడు వరుసల్లో రాసి ఉన్నాయి. కాలిబంటు ఒక అగ్గిపుల్ల పొడవు జరగాలి, గుర్రం రెండు పుల్లలు. ఎదురుపడితే పాచిక వేయాలి. నాలుగు గానీ అంతకు మించి గానీ పడితే ఎదుటివాడికి దెబ్బ తగిలినట్టు. సగం దండు పడిపోతే ఓటమి. అంతా కలిపి పది నిమిషాలు. "పది నిమిషాలు దాటితే అది ఆట కాదప్పా, డ్యూటీ" అనేది సిస్టరమ్మ. ఇంకొక కట్టుబాటు చీటీలో లేదు, ఆమె నోట్లో ఉంది. దెబ్బ తిన్నవాణ్ణి చచ్చాడు అనకూడదు. సబ్బు డబ్బా మూతలో పడుకోబెట్టి "వార్డుకి పోయినాడు" అనాలి. మరుసటి ఆటకు అందరూ డిశ్చార్జి.

ఈ ఆట ఆమెకు ఎట్లా వచ్చిందో మా ఇంటామె అడిగితే ఒకసారి చెప్పింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లారీ డ్రైవరు రెండు కాళ్ళూ విరిగి, బరువులు కట్టి వేలాడదీసిన కాళ్ళతో మూడు నెలలు వార్డులో ఉన్నాడట. తల అటు తిప్పి ఏడ్చేవాడట, తినేవాడు కాదట. అతని కోసం ఖాళీ మందు బుడ్లనే సిపాయిలుగా నిలబెట్టి, ఇంజెక్షన్ వేసిన తర్వాత, అన్నం వచ్చే లోపల ఆడటానికి ఈ ఆట కట్టింది. అతను నయమై ఇంటికి పోయాక ఇంకొకరికి, ఆ తర్వాత ఇంకొకరికి. ఇట్లాంటి చిన్న చిన్న సిపాయిలను పెట్టుకుని బల్ల మీద యుద్ధాలు ఆడేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారని, పెద్దవాళ్ళే ఆడతారని, వాటిని మినియేచర్లు అంటారని రిటైరయ్యాక ఫోనులో చూసి తెలుసుకుంది. ఆ రోజు ఎంత సంబరపడిందో! "నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని అనుకొంటి, చానామంది ఉండారు" అని వీధి వీధంతా ఫోను చూపించింది.

మొదట్లో వాళ్ళిద్దరే ఆడారు. మా అమ్మాయి ఎడమ చేత్తో కదిపేది. ఒకరోజు సిస్టరమ్మ నన్ను కేక వేసింది.

"ఏమప్పా, ఈడికి రా. నా నడుము పట్టేసినాది. నా దండు నువ్వు నడిపించు."

"నాకు రాదు సిస్టరమ్మా."

"ఓడిపోయేదానికి ఏం వచ్చుండాల? కూర్చో."

మా అమ్మాయి లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. నా మొహం చూడకుండా పాచిక వేసింది. అయిదు. నా ఫిరంగి వార్డుకు పోయింది. మళ్ళీ ఆరు. ఒక గుర్రం పోయింది. చూస్తుండగానే నా దండులో సగం మూతలో పడుకుంది. ఆమె కళ్ళలో ఏదో వెలిగింది. అది నవ్వు కాదు. అయినా అన్ని నెలల తర్వాత ఆ కళ్ళలో వెలుగు చూశాను, నాకు చాలు!

వెళ్ళిపోయేటప్పుడు సిస్టరమ్మ గేటు దగ్గర గొంతు తగ్గించి చెప్పింది. "పాపకి కోపం నీ మీద ఉండాది. నా గుర్రాలను కొడితే అది యాడ తీరుతాది? దినామూ వచ్చి కూర్చో."

దినామూ కూర్చున్నాను. దినామూ ఓడాను. మాట మాత్రం లేదు.

దసరా రోజుల్లో ఇంటి ప్రార్థన మా వంతు వచ్చింది. నెలకు ఒక ఇంట్లో సంఘమంతా చేరి పాటలు పాడి ప్రార్థన చేసుకుంటాం. ఆ మధ్యాహ్నం నేనూ మా అమ్మాయీ ఆడుతుంటే, ముందు గది ఊడ్చాలని మా ఇంటామె మధ్యలోనే లేపేసింది. మా అమ్మాయి నన్ను ఒక గుట్ట వెనక్కి తోసేసి, రెండు దెబ్బల్లో గెలిచే స్థితిలో ఉంది. ఎవరూ కదపవద్దని సైగ చేసి, ట్రేను అట్లాగే కిటికీ కింద బల్ల మీద పెట్టించి స్నానానికి వెళ్ళింది.

సాయంత్రం గేటు చప్పుడైంది. సంఘం పెద్దాయన గొంతు వినిపించింది. అప్పుడు చూశాను ఆ బల్ల వైపు. వీధిలో మిగతా ఇళ్ళలో దసరా బొమ్మలు మెట్ల మీద పేర్చి ఉన్నాయి. మా ఇంట్లోనూ ఎర్రవి, ఊదావి, మీసాలతో, గుర్రాలతో బల్ల మీద కొలువు తీరి ఉన్నాయి. పెద్దాయన చూస్తే ఏమనుకుంటాడు? మా తాతల కాలం నుంచి ఇంట్లో ఒక్క బొమ్మ పెట్టి ఎరగం. తువ్వాలుతో సహా మూట కట్టినట్టు ఎత్తి, వంటింట్లోకి పరుగెత్తి, మొత్తం బియ్యం డబ్బాలో గుమ్మరించి, చేత్తో కలిపేశాను. అది నా నడుము ఎత్తుండే డబ్బా.

ప్రార్థన జరిగింది. ఆమెన్ అని అందరూ కళ్ళు తెరిచారు. మా ఇంటామె బొరుగుల పళ్ళాలు తెస్తోంది. అప్పుడు మా అమ్మాయి బల్ల వైపు చూసింది.

"యాడ పెట్టినావు నా గుర్రాలు?"

గది నిండా ఉన్న మనుషులందరూ తలలు తిప్పారు. అయిదు నెలల్లో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట. నేను వంటింటి వైపు చూశాను.

"నిన్నే నాయనా. యాడ పెట్టినావు?"

"బియ్యంలో" అన్నాను.

"బియ్యంలోనా! నేను గెలుస్తాంటి! ఇంక రెండేట్లు పడింటే నీ పని అయిపోయింటాది! కావాలనే చేస్తివి!"

విసురుగా వంటింట్లోకి వెళ్ళి డబ్బా ముందర మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ చేయి పెట్టి తోడింది. పక్కకు తోడిన బియ్యం మళ్ళీ జారి గుంటలో పడుతోంది. మా ఇంటామె సాయం చేయబోతే సిస్టరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సుమ్నే ఉండు, నువ్వు పోవద్దు" అంది. కోపంలో మా అమ్మాయి రెండో చేయి కూడా లోపల పెట్టింది. ఎడమ చేత్తో బియ్యం ఆపుతూ, కుడి చేత్తో వెతుకుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. మోచేతి దాకా బియ్యంలో ఉంది ఆ చేయి. నేను సిస్టరమ్మ భుజం మీదుగా చూస్తున్నాను. చేయి పైకి వచ్చింది. వేళ్ళ సందుల్లోంచి బియ్యం రాలుతున్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక ఎర్ర గుర్రం ఉంది.

"దీని కాలు ఇరిగింది చూడు" అంది నాతో, ఏడుపు గొంతుతో. ఆమె గుర్రాన్నే చూస్తోంది. మేము ముగ్గురం ఆమె వేళ్ళను చూస్తున్నాం.

ముందు గదిలో పెద్దాయన "ఏంది సిస్టరమ్మా, మనోళ్ళ ఇండ్లల్లో ఈ బొమ్మలు?" అని అడిగాడు.

"మొక్కేవి కాదయ్యా, కొట్లాడేవి. రేపు రా, నీకూ ఒక దండు ఇస్తా."

ఆయన మరుసటి రోజు నిజంగానే వచ్చాడు. మా అమ్మాయి చేతిలో రెండుసార్లు ఓడి, "పాచిక సరిగ్గా లేదు" అని గొణుక్కుంటూ పోయాడు.

అప్పటినుంచి సిస్టరమ్మ కొత్త కట్టుబాటు పెట్టింది. ఆటకు ముందు రెండు దండ్లూ బియ్యంలో కప్పెట్టాలి. ఎవరి దండును వాళ్ళు కుడి చేత్తోనే తవ్వి తీసుకోవాలి. ముందు తీసినవాళ్ళది మొదటి పాచిక. "అన్నంలో గుండుసూదొస్తే ఎవురిది జిమ్మేదారి?" అని మా ఇంటామె కేకలు వేసింది. అందుకని రేషన్ బియ్యం ఒక బకెట్టులో వేరేగా పెట్టాం. విరిగిన గుర్రానికి కొత్త కాలు మా అమ్మాయే అతికించింది. అతికించడానికి ఒక వారం పట్టింది. సిస్టరమ్మ పక్కన కూర్చుని ఒక్క వేలు కూడా సాయం చేయలేదు. "బిరీన చేస్తే నాకు ఏం ఇనాము ఇస్తారా? మెల్లగానే చెయ్" అనేది.

నా గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. నాకు మంచి పందెం పడినప్పుడల్లా చిటికెన వేలితో పాచిక తిప్పేసేవాణ్ణి. కూతురు గెలవాలి కదా! చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం సిస్టరమ్మ నా చేయి పట్టుకుంది.

"ఏమప్పా, పాచిక తిప్పినావు."

"లేదు సిస్టరమ్మా."

"మాత్రలు నాలుక కింద దాచుకునేటోళ్ళను ముప్పై ఏండ్లు చూసినదాన్ని. నాకాడనా నీ యవ్వారం? జాలిపడితే రోగి రోగిగానే ఉంటాడు. సరిగ్గా ఆడు, లేదంటే లేచి పో."

మా అమ్మాయి నా వైపు చూసింది. "ఇన్ని దినాలూ ఇట్లనే ఓడిపోతాంటివా?" అంది. తర్వాత మెల్లగా అంది. "ఆ పొద్దు గూడా ఇంతే. ఇసుక ఇసుక అని ఊరంతా చెప్తివి. మెల్లగా పో నాయనా అని నేను రెండు తూర్లు చెప్పింటి."

సిస్టరమ్మ "పాలు చూసొస్తా" అని లేచింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

నేను తువ్వాలు మడతల వైపే చూస్తూ చెప్పాను. గేటు పడితే బొగ్గు రైలు పోయేదాకా నిలబడాలని తొందరపడ్డాను. నువ్వు చెప్పింది నాకు వినిపించింది. రెండుసార్లూ వినిపించింది. విననట్టు పోనిచ్చాను. ఇసుకది కాదు తప్పు, నాది. ఇదంతా చెప్పడానికి నాకు ఆరేడు నెలలు పట్టింది, ఒక పాచిక దొంగతనం దొరికిపోతే గానీ నోరు రాలేదు.

ఆమె ట్రే మీది పాచిక తీసి నా ముందర పెట్టింది. లోపలి నుంచి సిస్టరమ్మ గిన్నెల చప్పుడు ఊరికే చేస్తోంది.

"నీ వంతు నాయనా. వెయ్" అంది మా అమ్మాయి. "ఈసారి తిప్పొద్దు."

ఆ ఆటలో నేను గెలిచాను. ఆమెకు ఎంత కోపం వచ్చిందో! నేను కొంగులో మొహం దాచుకున్న ఆడమనిషిలా తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

చలికాలం పోయి ఎండలు ముదిరే నాటికి వేళ్ళు నూటికి తొంభై పాళ్ళు వచ్చాయి. ఉద్యోగానికి వెళ్ళేముందు మళ్ళీ సూది పట్టి చూసుకోవాలంటే ఎవరి చేయి? నేను చాపాను. సిస్టరమ్మ నన్ను పక్కకు తోసింది. "నీది ఎద్దు నరం, ఎవురైనా తీస్తారు. నాది దొరకని నరం, నాకాడ నేర్చుకో" అని తన ముసలి చేయి చాపింది. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. ఆమె చేయి నల్లగా కమిలింది. మరునాడు ఇంకో చేయి చాపింది. మూడో రోజు నెత్తురు వచ్చింది. "నొప్పే తెలీలేదు" అంది. సుళ్ళు చెప్పొద్దని అందరినీ గదమాయించే మనిషి చెప్పిన ఆ ఒక్క అబద్ధం నేను విన్నాను.

శుక్రవారం సాయంత్రం సిస్టరమ్మను సమాధుల తోటకు తీసుకెళ్ళాం. ఆమెకు దగ్గరివాళ్ళంటే హుబ్బళ్ళి నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు ఒక్కడే. పెట్టె దించారు. చర్చి అయ్యగారు వాక్యం చదివారు. మా నేల సంగతి తెలుసు కదా, ఎండాకాలంలో నల్లమట్టి రాయిలా బిగుసుకుపోతుంది. తవ్వి పోసిన కుప్పంతా పిడికెడేసి బెడ్డలు. ఒక్కొక్కరు ముందుకు వచ్చి ఒక బెడ్డ తీసి వేస్తున్నారు. పెట్టె మీద పడిన ప్రతి బెడ్డా తలుపు తట్టినట్టు చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడుకు మా ఇంటామె చెవులు మూసుకుంది.

మా అమ్మాయి వంతు వచ్చింది. వంగి కుడి చేత్తో ఒక బెడ్డ తీసుకుంది. వేయలేదు. గుంట అంచున నిలబడి పిడికిలి బిగించింది. మెడ మీద నరం తేలింది. వెనక జనం ఎదురు చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. బెడ్డ చిట్లింది, ఇంకా నలిపింది, పొడి అయ్యేదాకా నలిపింది. అప్పుడు చేయి ముందుకు చాచి వేళ్ళు వదులు చేసింది. ఆ మట్టి ఏ చప్పుడూ లేకుండా దిగింది.

తర్వాత నా వైపు తిరిగింది. నా చేతిలో ఉన్న బెడ్డను చూసి అరచేయి చాపింది.

"ఇట్లియ్యి నాయనా" అంది.